లోకల్ రైల్లో తోటి ప్రయాణికుల బొమ్మలు: మొదటి గీత నుంచి నిండు పేజీ దాకా

మనుషుల బొమ్మలు వేయడం నేర్చుకోవాలనుకునేవారికి రోజూ ఎక్కే రైలును మించిన బడి లేదు. ఒక్క పెట్టెలో పసిపిల్లల నుంచి పండు ముసలివాళ్ల దాకా ఉంటారు. ఒకరు కిటికీకి ఆనుకుంటారు, ఒకరు పక్కవాళ్ల మీదకు ఒరుగుతారు, ఒకరు కమ్మీ పట్టుకుని వేలాడుతుంటారు. ఏ చిత్రకళాశాలలోనూ మోడల్‌ను ఇంత సహజంగా కూర్చోబెట్టలేరు. పైగా రేపు మళ్లీ అదే రైలు, అదే వేళ, చాలామటుకు అవే ముఖాలు. ఇవాళ కుదరని భుజం వాలు రేపు మళ్లీ ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

నేను తిరిగేది హైదరాబాద్ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. 2003లో మొదలైన ఈ రైళ్లలో లింగంపల్లి, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, ఫతేనగర్, బేగంపేట అంటూ స్టేషన్లు దగ్గర దగ్గరగా వస్తాయి. ఒక దారి నాంపల్లికి పోతుంది, ఇంకోటి సికింద్రాబాద్ మీదుగా ఫలక్‌నుమాకు. విజయవాడ, గుంటూరు, తెనాలి మధ్య ఉద్యోగాలకు తిరిగేవారికి, ముంబయి, చెన్నై లోకల్ రైళ్లలో ప్రయాణించే తెలుగువారికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది.

రైల్లో బొమ్మ వేసేటప్పుడు ముఖంతో మొదలుపెట్టకండి. మనిషి కూర్చున్న తీరుతో మొదలుపెట్టండి. కళ్లూ ముక్కూ ఎంత చక్కగా కుదిరినా వీపు వంపు తప్పితే ఆ మనిషి రాడు. వీపు వంపు, తల వాలు, చేతులు ఒళ్లో పడిన తీరు కుదిరితే, ముఖం ఖాళీగా వదిలేసినా రోజూ చూసేవాళ్లు గుర్తుపడతారు. కింద చెప్పేవన్నీ దీని మీద ఆధారపడినవే.

సరంజామా

జేబులో పట్టనిది రైల్లో పనికిరాదు. పుస్తకం ఏ6 సైజు, అంటే 105 × 148 మిల్లీమీటర్లు, ఉంటే చాలు. సీటు ఖాయంగా దొరికేవారు దానికి రెట్టింపు ఉండే ఏ5 తెచ్చుకోవచ్చు. అట్ట గట్టిగా ఉండాలి, ఎందుకంటే మీకు బల్ల లేదు, అట్టే బల్ల. నిలబడి గీసేవారికి స్పైరల్ పుస్తకం మంచిది, పేజీని వెనక్కి మడిచి ఒక చేత్తో పట్టుకోవచ్చు. కూర్చుని గీసేవారికి కుట్టుపుస్తకం మేలు, రెండు పేజీలూ కలిపి వాడుకోవచ్చు. పెన్నుతో గీయడానికి 100 నుంచి 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం సరిపోతుంది. నీటిరంగులు పూయాలనుకుంటే 200 జీఎస్‌ఎం, ఆ పైన ఉన్నది తీసుకోండి, లేకపోతే కాగితం ముడుచుకుపోతుంది.

మొదట్లో మామూలు బాల్‌పెన్నును మించినది లేదని నా గట్టి అభిప్రాయం. తేలిగ్గా ఆనిస్తే పొగలాంటి గీత వస్తుంది, నొక్కితే నల్లగా దిగుతుంది. ఆరే దాకా ఆగనక్కర్లేదు, చెక్కనక్కర్లేదు, జనంలో ఎవరైనా తగిలితే ముల్లు విరగదు. జెల్‌పెన్ను గీత అందంగా ఉంటుంది కానీ అంతటా ఒకే మందం, పైగా నున్నటి కాగితం మీద అరచేయి తగిలితే అలుక్కుపోతుంది. పెన్సిలే కావాలంటే మెత్తగా, నల్లగా గీసే 2బి, 4బి రకాల మధ్య ఎంచుకోండి. జేబులో ముల్లు విరగకుండా ఉండాలంటే సీసం లోపలికి పోయే రకం పెన్సిలు కొనుక్కోండి.

ఇంకు పెన్నుల మీద ప్రేమ ఉన్నవారికి ఒక మాట. రాజమండ్రి రత్నం కలం లాంటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లో ఇంకును నేరుగా పెన్ను ఒంట్లోకే పోస్తారు. ఇంకు సగానికి తగ్గాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి పాళీ నుంచి చుక్కలు రాలుస్తుంది. అది పక్కవాళ్ల తెల్ల చొక్కా మీద పడకూడదంటే బయలుదేరే ముందు నిండుగా పోసుకోండి. ఇంకులో ఒక సుగుణం కూడా ఉంది. నీటిలో కరిగే మామూలు ఇంకుతో గీసి, తడి కుంచెతో గీత అంచును తాకితే చాలు, మెత్తటి నీడ వస్తుంది. పిడిలోనే నీళ్లు నింపుకునే కుంచెలు దొరుకుతాయి, రైల్లో గ్లాసూ నీళ్లూ అక్కర్లేదు. గీత చెదరకుండా పైన రంగులు వేయాలంటే మాత్రం నీటికి కరగని ఇంకు కావాలి.

రబ్బరు ఇంట్లో వదిలేయండి. గీత తప్పయితే దాని పక్కనే సరైన గీత వేయండి. రెండూ ఉండనివ్వండి. చెరిపే సమయంలో మీ మనిషి దిగిపోతాడు.

ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ నిలబడాలి

ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్నవారిని గీయడం కష్టం. తొడలు మీ వైపు పొడుచుకొచ్చి కురచగా కనిపిస్తాయి, తలెత్తినప్పుడల్లా చూపులు కలుస్తాయి, ఇద్దరికీ ఇబ్బంది. నడవాకు అవతల, ఏటవాలుగా, రెండు మూడు మీటర్ల దూరంలో ఉన్నవారిని ఎంచుకోండి. పక్కవాటుగా కనిపించే మనిషిలో వీపు వంపు, మెడ వాలు, మోకాలి మడత స్పష్టంగా తెలుస్తాయి.

సీటు దొరకని రోజున పెట్టె మధ్యలో ఉన్న అడ్డగోడకు వీపు ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడండి. తెరిచి ఉన్న తలుపు దగ్గర గీయవద్దు. బొమ్మలో మునిగిపోయినవారి చేయి ఎప్పుడు కమ్మీ వదిలేస్తుందో వాళ్లకే తెలియదు. విపరీతమైన రద్దీలోనూ పుస్తకం తీయకండి. ఆ సమయాన్ని ఊరికే చూడటానికి వాడుకోండి, అది కూడా సాధనే.

స్త్రీల పెట్టె గురించి కూడా చెప్పాలి. బొమ్మలు వేసే అమ్మాయిలకు అది ఎంతో అనుకూలమైన చోటు. నిస్సంకోచంగా కూర్చునే తీరు, తలలు దగ్గర పెట్టుకుని చెప్పుకునే కబుర్లు, ఒకరి జడలో ఒకరు పూలు సర్దడం, ఇవన్నీ అక్కడే చూడగలరు. మగవారు ఆ పెట్టెలోకి వెళ్లడం రైల్వే చట్టం 1989లోని 162వ సెక్షన్ కింద నేరం. బొమ్మల పేరు చెప్పి దానికి మినహాయింపు ఉంటుందని ఎవరూ అనుకోకూడదు.

ఎవరిని ఎంచుకోవాలి

మొదటి కొన్ని వారాలు కదలనివారినే గీయండి. ఫోను చూసేవారు, కునుకు తీసేవారు, పేపరు చదివేవారు, కిటికీలోంచి బయటకు చూసేవారు. వెనకనుంచి కనిపించే తలలు కూడా అద్భుతమైన పాఠాలు. జడ అల్లిక, ముడి, బట్టతల మీద మెరుపు, మెడ వెనక చొక్కా కాలరు, ఇవి గీసేటప్పుడు ఎవరికీ ఇబ్బంది కలగదు.

ఎవరు ఎంతసేపు ఉంటారో అంచనా వేయడం నేర్చుకోవాలి. మెడలో కంపెనీ కార్డు వేసుకుని ఉదయం లింగంపల్లిలో ఎక్కినవారు హైటెక్ సిటీలో దిగిపోయే అవకాశం ఎక్కువ. వారిని మొదలుపెడితే రెండు మూడు స్టేషన్లలో ముగించాలి. కాళ్ల మధ్య క్యారియర్ సంచి పెట్టుకుని, చెప్పులు వదిలి, తల వెనక్కి ఆనించినవారు దూరం వెళ్తారు. సంచి ఒళ్లోకి తీసుకున్నారంటే వచ్చే స్టేషనే. అప్పుడు కొత్త గీత మొదలుపెట్టకుండా ఉన్నదాన్ని గట్టి చేసుకోండి.

కదిలేవారిని గీసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మనుషులు ఒకే భంగిమలోకి మళ్లీ మళ్లీ వస్తారు. కబుర్లు చెప్పే ఆవిడ చేతులు ఊపుతారు, పక్కకు తిరుగుతారు, మళ్లీ గడ్డం కింద చేయి పెట్టుకుంటారు. కాబట్టి ఒకే పేజీలో రెండు మూడు బొమ్మలు మొదలుపెట్టి, ఏ భంగిమ తిరిగి వస్తే ఆ బొమ్మకు నాలుగు గీతలు కలపండి.

చూపు తక్కువ, జ్ఞాపకం ఎక్కువ

రెండు మూడు సెకన్లు చూడండి. తల దించండి. మనసులో నిలిచినదాన్ని పది పదిహేను సెకన్లు గీయండి. మళ్లీ ఒక్క చూపు. ఇదే లయ.

ఇది మర్యాద కోసం మాత్రమే కాదు, బొమ్మ కోసం కూడా. కళ్లు ఆనించి చూస్తూ గీస్తే ప్రతి మడతా, ప్రతి గుండీ కాగితం మీదకు వచ్చేస్తుంది, మనిషి మాయమవుతాడు. ఒక్క చూపులో మనసు పట్టుకునేది ముఖ్యమైనదే. 19వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు ఒనొరె దొమియె మూడో తరగతి రైలు పెట్టెల్లోని పేద ప్రయాణికులను ఎన్నో బొమ్మల్లో చూపించాడు. మోడల్‌ను ఎదురుగా పెట్టుకోకుండా జ్ఞాపకం నుంచి వేయడం అతని అలవాటు. అతని బొమ్మల్లో చిల్లర వివరాలు తక్కువగానూ, మనుషుల బరువు, అలసట ఎక్కువగానూ కనిపించడానికి అదే కారణమని నేను నమ్ముతాను.

జ్ఞాపకం సాధనతో పెరుగుతుంది. ఒక చిన్న పాఠం చెబుతాను. ఒక మనిషిని చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి. తల ఏ వైపు వాలింది? ఏ భుజం పైకి ఉంది? బరువు దేని మీద పడింది? మూడింటికీ జవాబు దొరికాకే కళ్లు దించండి. మొదట్లో పుస్తకం వైపు తిరిగేసరికి ఒక జవాబు జారిపోతుంది. కొన్నాళ్లకు మూడూ నిలుస్తాయి, ఆ తర్వాత చేతులు ఎక్కడున్నాయన్నది నాలుగోదిగా చేరుతుంది.

ఒక నిద్రపోయే మనిషి, గీత గీతగా

భరత్‌నగర్ దాటాక కిటికీ పక్కన కునుకు తీస్తున్న నడివయసు మనిషి అనుకుందాం. తల కిటికీ చట్రానికి ఆనింది, నోరు కొద్దిగా తెరుచుకుంది, చేతులు ఒళ్లోని సంచి మీద ఉన్నాయి.

మొదటి గీత నడినెత్తి నుంచి మెడ వెనకగా, వీపు మీదుగా సీటు దాకా. ఒకే గీత, తేలిగ్గా, చేయి ఎత్తకుండా. నిద్రపోయే మనిషి వీపు నిటారుగా ఉండదు, నడుము ముందుకు జారి వీపు విల్లులా వంగుతుంది. ఆ వంపును ఉన్నదానికంటే రవ్వంత ఎక్కువగానే వేయండి. చేయి ఎప్పుడూ వంపులను తగ్గించి గీస్తుంది, అది దానికి సరిపోతుంది.

రెండోది భుజాల గీత. తల ఆనించిన వైపు భుజం పైకి లేచి ఉంటుంది, అవతలిది కిందికి జారుతుంది. ఈ వాలు ఒక్కటే మనిషి మెలకువగా లేడని చెప్పేస్తుంది. మూడోది తల. గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో, వాలిన వైపుకే. గుడ్డు మధ్యగా ఒక సన్నని గీత గీస్తే ముఖం ఎటు తిరిగిందో తేలిపోతుంది. ఆ తర్వాత తొడలు, మోకాళ్లు, మోకాలి నుంచి నేలకు దిగే కాళ్లు, అన్నీ ఒక్కో గీతే.

ఇక్కడికి అర నిమిషం అయి ఉంటుంది. ఇప్పుడు బరువు పడిన చోట్ల గీత నల్లగా చేయండి. తల చట్రాన్ని తాకిన చోట, నడుము సీటును తాకిన చోట, అరచేయి సంచిని నొక్కిన చోట, మడమ నేలను తాకిన చోట. ఈ నాలుగు నల్లటి చోట్లతో బొమ్మ కాగితం మీద తేలిపోకుండా కూర్చుంటుంది. బాల్‌పెన్నును నేను ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. ఆ నొక్కు, ఆ తేలిక అదే ముల్లుతో వస్తాయి.

అతను బేగంపేటలో ఉలిక్కిపడి లేచి దిగిపోయినా మీ దగ్గర బొమ్మ ఉంది. ఇంకా కూర్చునే ఉంటే అప్పుడు ముఖానికి రండి. మూసిన కన్ను ఒక వంపు గీత, కిందికి. తెరుచుకున్న నోటికి పై పెదవి కింద ఒక చిన్న నల్ల మచ్చ. ముక్కు కింద నీడ. చాలు.

కొలతలు

కూర్చున్న పెద్దవారిని కొలవడానికి వారి తలనే కొలబద్దగా తీసుకోండి. సీటు నుంచి నడినెత్తి దాకా ఇంచుమించు నాలుగు తలల ఎత్తు. మోకాలి మడత నుంచి నేల దాకా రెండు తలలు. చిన్నపిల్లలకు ఈ లెక్క పనికిరాదు, వారి తల ఒంటితో పోలిస్తే పెద్దది. మొదట్లో చాలామంది తలను పెద్దగా, కాళ్లను చిన్నగా వేస్తారు. బొమ్మ పాదాల దగ్గర కాగితం అయిపోతోందంటే అదే కారణం.

తలలో కళ్లు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయి. నుదురు, జుట్టు కలిసి పై సగాన్ని ఆక్రమిస్తాయి. చెవి కనుబొమ మట్టం నుంచి ముక్కు కింది మట్టం దాకా. ఫోనులోకి తల వంచినవారిలో మాత్రం ఇవన్నీ మారతాయి. నడినెత్తి ఎక్కువగా కనిపిస్తుంది, ముఖం కుదించుకుపోయి కిందికి జారుతుంది, చెవి కంటికంటే పైకి వెళ్లినట్టు ఉంటుంది. రైల్లో సగంమంది ఇలాగే ఉంటారు కాబట్టి ఈ ఒక్క భంగిమను విడిగా సాధన చేయడం అవసరం.

ఇక చేతులు. చాలామంది భయపడి చేతులను జేబుల్లో, సంచుల వెనక దాచేస్తారు. ఒక సులువు ఉంది: గడ్డం నుంచి నుదుటి పైభాగం దాకా ముఖం ఎంత పొడవో, మణికట్టు నుంచి వేలికొస దాకా చేయి ఇంచుమించు అంతే. ఈ రోజుల్లో ఫోను కూడా దాదాపు అంతే పొడవు. మీ ఫోనును మీ ముఖం పక్కన పెట్టుకుని అద్దంలో చూడండి. కాబట్టి ముందు ఫోనును వాలుగా ఒక దీర్ఘచతురస్రంగా వేసి, దాని వెనక నాలుగు వేళ్లను ఒకే ముద్దగా, ముందు బొటనవేలిని విడిగా గీయండి. వేలు వేలూ లెక్కపెట్టి గీయాల్సిన పని లేదు. చూపుడు వేలును, చిటికెన వేలును విడదీస్తే మధ్యవి రెండూ వాటంతట అవే ఉన్నట్టు అనిపిస్తాయి.

గుంపును గీయడానికి కంటి మట్టం

పెట్టె నిండా జనం ఉంటే ఎవరి తల ఎక్కడ వేయాలో తెలియక తికమకపడతాం. దీనికి ఒక తిరుగులేని సూత్రం ఉంది. మీరు నిలబడి ఉంటే, మీ ఎత్తున్నవారు దగ్గరున్నా దూరంగా ఉన్నా వారి కళ్లన్నీ మీ కంటి మట్టంలోనే ఉంటాయి. కాగితం మీద ఒక అడ్డగీత తేలిగ్గా గీసి, నిలబడినవారి కళ్లన్నీ దాని మీద పెట్టండి. పొడుగువారి కళ్లు గీతకు కాస్త పైన, పొట్టివారివి కాస్త కింద. దూరం వెళ్లేకొద్దీ తలల సైజు తగ్గించండి, గీత మాత్రం మారదు. మీరు కూర్చుని ఉంటే కూర్చున్నవారి కళ్లు గీత మీదకు వస్తాయి, నిలబడినవారి నడుములు, చేతి సంచులు మీ ఎదురుగా వస్తాయి.

ఈ ఒక్క గీతతో పేజీలో లోతు పుడుతుంది. పైన పట్టుకునే కమ్మీలు, కిటికీల వరుస అన్నీ దూరం వెళ్లేకొద్దీ ఆ గీత వైపే వంగుతాయి. వాటిని రెండు మూడు గీతల్లో సూచించి వదిలేయండి. మన పని మనుషులు.

చీరలు, చున్నీలు, చొక్కాలు

బట్ట ఎప్పుడూ ఏదో ఒకదాని నుంచి వేలాడుతుంది. మడతలు అక్కడి నుంచే బయలుదేరతాయి. ఇది తెలుసుకుంటే ఎంత గజిబిజి చీరయినా సులువవుతుంది.

కూర్చున్న ఆవిడ చీరలో చూడాల్సినవి మూడు చోట్లు: భుజం, నడుము, మోకాలు. భుజం దగ్గర పిన్ను పెట్టిన చోట మడతలన్నీ ఒక కుదురుగా కలిసి అక్కడి నుంచి ఛాతీ మీదుగా ఏటవాలుగా విచ్చుకుంటాయి. నడుము దగ్గర కుచ్చిళ్లు మొదలై ఒళ్లోకి వస్తాయి. రెండు మోకాళ్ల మధ్య బట్ట ఉయ్యాలలా వేలాడి, ఒకదాని కింద ఒకటిగా లోతైన వంపులు పడతాయి. మోకాలి చిప్ప నుంచి కిందికి మాత్రం తిన్నని గీతలు. గంజి పెట్టిన మంగళగిరి నేత చీర కోణాలుగా విరుగుతుంది, అక్కడ గీతను ఠక్కున మలపండి. జార్జెట్టు చీర నీళ్లలా జారుతుంది, అక్కడ పొడవైన వంపులు వేయండి. అంచు డిజైను అంతా గీయనక్కర్లేదు, మోకాలి దగ్గర జానెడు మేర వేస్తే చాలు, మిగతాది కన్ను ఊహించుకుంటుంది.

చొక్కా, ప్యాంటు అయితే మోచేతి లోపల, మోకాలి వెనక, చంకలో మడతలు చూడండి. మిగతాచోట్ల సాదాగా వదిలేయండి.

తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనలో చాలామంది బాపు బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లం. చేతిలో పెన్ను పట్టగానే వాలుకళ్లు, పొడవాటి జడ, సన్నని నడుము వచ్చేస్తాయి. ఇంకొందరి చేతుల్లోంచి తోట వైకుంఠం చిత్రాల్లోని పెద్ద బొట్టు, ఎర్ర చీర తెలంగాణ స్త్రీ వచ్చేస్తుంది. ఆ ఇద్దరూ మహానుభావులే. కానీ వారి గీత వారు చూసిన మనుషుల నుంచి వచ్చింది. మన ఎదురుగా ఉన్న ఆవిడ కళ్లు చిన్నవి కావచ్చు, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉండవచ్చు, జుట్టు పిన్నుతో పైకి బిగించి ఉండవచ్చు. ఆమెను ఆమెలా గీయడమే వారి నుంచి మనం నేర్చుకోదగిన పాఠం.

వెలుగు, నీడ

పగలు రైల్లో వెలుగు కిటికీల నుంచి వస్తుంది. కళ్లు సగం మూసి చూడండి, వివరాలు కరిగిపోయి వెలుగు, చీకటి రెండే మిగులుతాయి. చీకటి భాగాన్నంతా ఒకే దిశలో దగ్గర దగ్గర గీతలతో నింపండి. రైలు వంపు తిరిగినప్పుడల్లా ఎండ అటూ ఇటూ మారుతుంది, కాబట్టి మొదట చూసిన నీడనే నమ్ముకుని చివరిదాకా వేయండి. సాయంత్రం దీపాల కింద నీడలు మెత్తబడతాయి, అప్పుడు నీడ మానేసి గీత మీదే ఆధారపడటం మేలు.

కుదుపులతో సర్దుకోవడం

మోచేతిని పక్కటెముకలకు ఆనించండి. పుస్తకాన్ని ఒళ్లోని సంచి మీద పెట్టండి. చేతిని కిటికీ చట్రానికో రైలు గోడకో ఆనించవద్దు, కుదుపంతా నేరుగా పెన్నులోకి వస్తుంది. మీ ఒళ్లు కుదుపులో కొంత మింగేస్తుంది. వీపు, భుజం, తొడ లాంటి పొడవైన గీతలు రైలు సాఫీగా పోతున్నప్పుడు వేయండి. కన్ను, వేళ్లు, కళ్లజోడు లాంటివి స్టేషన్లో ఆగినప్పటికి దాచిపెట్టుకోండి. పెద్ద స్టేషన్ల ముందు పట్టాలు మారే చోట కుదుపు ఎక్కువ, అప్పుడు పెన్ను ఎత్తి చూడటం మీద దృష్టి పెట్టండి. అయినా కొన్ని గీతలు వణుకుతాయి. అవి ఉండనివ్వండి, ఆ బొమ్మ రైల్లో పుట్టిందని అవే చెబుతాయి.

అవతలి మనిషి పట్ల మర్యాద

ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. బొమ్మ ఎంత బాగా వచ్చినా, అవతలి మనిషికి ఇబ్బంది కలిగిస్తే అది వేయకూడని బొమ్మ.

దొంగచాటుగా గీయవద్దు. పుస్తకం ఫోను వెనక దాచడం, కిటికీ అద్దంలో నీడ చూసి గీయడం అనుమానం రేపుతాయి. పుస్తకాన్ని ఒళ్లో అందరికీ కనిపించేలా తెరిచి పెట్టుకోండి. ఎవరైనా చూస్తే ఇతను బొమ్మలు వేస్తున్నాడని ఒక్క క్షణంలో అర్థమవ్వాలి. ఎవరైనా గమనించి మొహం తిప్పుకుంటే, కొంగో చున్నీయో సర్దుకుంటే, ఆ క్షణమే ఆపేయండి. నోరు తెరిచి వద్దని చెప్పేదాకా ఆగడం న్యాయం కాదు. మగవారు ఒంటరిగా ఉన్న ఆడవారిని గీయకపోవడమే మంచిది. అపరిచితుల చూపులు వారికి రోజూ ఎదురయ్యే బాధ, మీ ఉద్దేశం మంచిదేనని వారికి తెలిసే వీలు లేదు. ముఖం కప్పుకున్నవారిని ప్రత్యేకంగా ఎంచుకోవద్దు. పిల్లలను గీయాలంటే ముందు తల్లినో తండ్రినో అడగండి.

ఎవరైనా "ఏం గీస్తున్నారండీ?" అని అడిగితే పుస్తకం వారి చేతికే ఇవ్వండి. "మీ బొమ్మేనండీ, ఇష్టం లేకపోతే ఆపేస్తాను" అంటే చాలు. చాలామంది నవ్వేస్తారు, కొందరు నిటారుగా కూర్చుని జుట్టు సర్దుకుంటారు. అప్పుడు సహజమైన భంగిమ పోతుంది కానీ, మీకు ఒక మోడల్ దొరికినట్టే. ఓ పెద్దావిడ "నా ముక్కు ఇంత పెద్దదా నాయనా?" అంటే వాదించకండి. "రైలు కుదిపేసిందమ్మా, ఇంకోటి వేస్తాను కూర్చోండి" అనండి. పక్కవాళ్లందరూ తొంగిచూస్తారు, సలహాలు ఇస్తారు. వినండి. రోజూ అద్దంలో చూసుకునేవారికి వారి ముఖం మనకంటే బాగా తెలుసు.

పేజీ ఇవ్వమని అడిగితే చింపి ఇచ్చేయండి. వారి ఫోనులో ఫొటో తీసుకోనివ్వండి. చింపేయమని అడిగితే వారి ఎదురుగానే చింపండి. ముఖం గుర్తుపట్టేలా ఉన్న బొమ్మను అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. పెట్టినా వారు ఎక్కే రైలు, దిగే స్టేషను రాయకండి. ఒక మనిషి రోజూ ఏ వేళకు ఎక్కడ ఉంటారో ఊరందరికీ చెప్పే హక్కు మనకు లేదు.

సాధన ఎలా సాగాలి

మొదటి రెండు వారాలు ముఖాలే వద్దు. వీపు, భుజం, తల, మోకాళ్లు, అంతే. ఒక్కో మనిషికి ఒక నిమిషం, పేజీకి నలుగురైదుగురు. తర్వాత రెండు వారాలు చేతులు, ఫోన్లు, సంచులు. ఆ తర్వాత బట్టలు. ముఖాలు, ఒకరితో ఒకరు మాట్లాడుకునే జంటలు, కంటి మట్టం పెట్టుకుని గుంపులు చివరికి. విసుగొచ్చిన రోజున చెప్పులు మాత్రమే గీయండి. ఒక వరుస సీట్ల కింద ఉన్న పాదాలను గీస్తే ఎవరి ఉద్యోగం ఏమిటో దాదాపు తెలిసిపోతుంది.

అప్పుడప్పుడు ఇతరులతో కలిసి గీయండి. అమెరికాలోని సియాటిల్‌లో పాత్రికేయుడు గాబ్రియెల్ కాంపనారియో 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందం ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. ఫొటో చూసి కాకుండా, ఉన్నచోట కూర్చుని కళ్లారా చూసి గీయాలన్నది వారి ప్రధాన నియమం. మీ ఊళ్లో అలాంటి బృందం లేకపోతే ఇద్దరు స్నేహితులు చాలు. ఒకే పెట్టెలో ఒకే మనిషిని ఇద్దరూ గీసి పుస్తకాలు మార్చుకుంటే, మీరు చూడనిది అవతలివారు ఏం చూశారో తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక గీతలు దిద్దకండి. జ్ఞాపకం తాజాగా ఉన్న ఆ రాత్రే నీడ కలపవచ్చు, కొద్దిగా రంగు వేయవచ్చు. మరుసటి రోజుకు ఆ మనిషి మసకబారి, మీ అలవాటు గీతలు వచ్చి చేరతాయి. పేజీ మూలన తేదీ, అప్పుడు విన్న ఒక మాటో, కిటికీలోంచి వచ్చిన వాసనో ఒక్క ముక్కలో రాసి పెట్టుకోండి. పుస్తకం నిండాక మొదటి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి భుజాల వాలు మాత్రమే పోల్చి చూడండి. వాలులో ధైర్యం పెరిగి ఉంటే తర్వాతి పుస్తకాన్ని ముఖాలతో మొదలుపెట్టవచ్చు. ఇంకా గీతలు బిగుసుకునే ఉంటే మళ్లీ నిద్రపోయేవారి దగ్గరికే వెళ్లండి.